ఎలీసమ్మ జున్నుగిన్నె

ఎలీసమ్మ జున్నులో మందు కలిపిందని మొదట అన్నది పక్కింటి దాలయ్య పెళ్ళాం అట. ఆవిడ కళ్ళారా చూసి అన్న మాట కాదు. చేపలు ఎండబెట్టే చోట ఎవరో అంటే విన్నదట. ఆ ఎవరో ఎవరమ్మా అని నిలదీస్తే, "అందరూ అంతన్నారు" అందట. కళింగపట్నంలో ఈ 'అందరూ' అనే మనిషిని కంటితో చూసినవాళ్ళు లేరు గానీ, అతగాడికి తెలియని సంగతీ లేదు. ఆ అందరూ చెప్పిన ప్రకారం ఎలీసమ్మ పాలకుండ మీద వంగి ఏదో గొణుగుతుంది. ఆవిడ చేసే చీజ్‌గడ్డ నెలల తరబడి కుళ్ళకపోవడానికి అదే కారణం. విశాఖపట్నం హోటలాయన పిచ్చెత్తినట్టు ఆస్పత్రి మంచం మీద గాలిలో పువ్వులు ఏరుతున్నాడంటే, దానికీ అదే కారణం.

ఈ పురాణమంతా దుర్గాభవానికి వినిపించింది ఆటో డ్రైవరు. విని ఊరుకోక సలహా కూడా ఇచ్చాడు. "ఆ ఇంట్లో మంచినీల్లు కూడా ముట్టుకోకండి మేడమ్."

"ఏం పెట్టినా తింటాను. అందుకే పోతున్నాను" అంది దుర్గాభవాని.

డ్రైవరు అద్దంలో ఒకసారి ఆవిణ్ణి చూసి ఆటో వేగం పెంచాడు.

దుర్గాభవానికి నలభై దాటాయి. విజయనగరంలో ఒక మేడమీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించకముందు ఆవిడ పశువుల బీమా కంపెనీలో పనిచేసింది. గేదె చచ్చిందని కబురొస్తే వెళ్ళి, నిజంగా చచ్చిందా, చచ్చింది బీమా కట్టిన గేదేనా, చెవికున్న బిళ్ళ ఆ చెవిదేనా అని చూడటం ఉద్యోగం. బతికున్న గేదె చెవి కోసుకొచ్చి గుండెలు బాదుకున్నవాళ్ళని అంతమందిని చూసింది కనక మనిషి ఏడుపుని నమ్మడం ఎప్పుడో మానేసింది. ఆవిడ నమ్మేవి రెండే. పశువు మేసే మేత, మనిషి చేతికి పట్టిన అలవాటు.

ఫోన్ చేసి పిలిపించిన ఎలీసమ్మ మనవరాలు దీవెన రోడ్డు మీదికే ఎదురొచ్చింది. హోటలు చదువు చదివి, ఊరొదిలి పోకుండా ఇక్కడే ఒక వ్యాపారం మొదలుపెట్టిన పిల్ల. శనివారం శనివారం ఆమదాలవలసలో రైలు దిగిన అతిథులని వ్యానులో ఎక్కించుకుంటుంది. పొద్దున్న అమ్మమ్మ పాకలో చీజ్ రుచులు, మధ్యాహ్నం నరసింగరావు కొబ్బరితోటలో చాక్లెట్ రుచులు, సాయంత్రం కాసేపు సముద్రం, మళ్ళీ రైలు. ఒక్కరోజు విహారం. రెండేళ్ళుగా మచ్చ లేకుండా నడిచింది, మొన్న శనివారం దాకా.

"సీ.ఐ. త్రినాథ్ గారు పొద్దున్నే ఫోన్ చేశారు మేడమ్" అంది దీవెన. "నరసింగరావు గారి వాంగ్మూలం మీద సంతకం అవగానే సాయంత్రం అమ్మమ్మని అరెస్టు చేస్తారట. పాకకి తాళం వేస్తారట."

"మీ అమ్మమ్మ ఏమంది?"

"మీరే అడగండి."

ఎలీసమ్మ పాకలో పీట మీద కూర్చుని, పళ్ళెమంత చీజ్‌గడ్డకి ఉప్పునీళ్ళ గుడ్డతో ఒళ్ళు తుడుస్తోంది. చంటిపిల్లకి స్నానం చేయించినట్టు తిప్పి తిప్పి తుడుస్తోంది. ఆవిడ తల్లి ఒకప్పుడు మిషన్ ఆస్పత్రిలో తెల్లదొరసానులకి వంటమనిషి. చీజ్ పని ఆ వంటింట్లోంచి ఈ పాకలోకి నడిచొచ్చింది. వెదురు అరల మీద అలాంటి గడ్డలు వరసగా పసుపెక్కుతున్నాయి.

"తాళమేస్తారంట" అంది ఎలీసమ్మ తలెత్తకుండా. "ఏసుకోమను. తాళం దేనికేస్తాడు? సీజుకా, ఆవు పొదుగుకా? సందేల పాలు పితకాల. ఆ సీ.ఐ. బాబొచ్చి పితుకుతాడేటి?"

కత్తి తీసి, మిరియం వేసి చేసిన గడ్డలోంచి ఒక ముక్క కోసి, కత్తి మొన మీదే ముందుకు చాచింది. "తిను. బయమైతే పో."

దుర్గాభవాని తింది. ఉప్పగా, కాస్త పొగచూరిన వాసనతో, చివర్లో మిరియం ఘాటు నాలిక్కి తగిలేలా ఉంది.

"ఇంకో ముక్క" అంది.

ముసలావిడ మొహంలో కోపం ఒక మెట్టు దిగింది. "అడుగు. ఏటి కావాల?"

"హోటలు సంజయ్‌కి జున్ను ఎందుకిచ్చావమ్మా? టికెట్టులో జున్ను లేదు కదా."

"జున్ను టికెట్టులో ఏల ఉంతాది? జున్నుపాలు అమ్ముకుంతామేటి? ఆవు ఈనినాది. ఓ కుండ జున్నొండినాను. నానూ తిన్నాను, ఈ పిల్లా తిన్నాది, దాలయ్య పెల్లాం కూడా రెండుసార్లు అడిగి తిన్నాది. దానికేటీ అవనేదు, నోరు తప్ప. ఓ గిన్నెడు మిగిలితే ఆ బాబు సూసినాడు. సిన్నప్పుడు తిన్నాను పిన్నీ, మల్లీ కనబడనేదు అన్నాడు. అలగంతే ఇవ్వకుండా ఎలగుంతాం?"

"ఇక్కడే తిన్నాడా?"

"సీజు తిని కడుపు నిండిపోనాది. దారిలో తింతానన్నాడు. పట్టుకెల్లు గానీ గిన్నె తెచ్చీ బాబూ అన్నాను. నా పెల్లినాటి గిన్నె. పేరు సెక్కించినాది."

దుర్గాభవాని దీవెన వైపు తిరిగింది. "వ్యానులో తిన్నాడా?"

"లేదు మేడమ్. ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు, ఫోన్లో మాట్లాడుతూ. తోట దగ్గర దిగేటప్పుడు కూడా చేతిలోనే ఉంది. మిగతా ఆరుగురూ కాలవ దగ్గర ఫొటోలకి పోతే నేను వాళ్ళ వెంట వెళ్ళాను. ఆయన ఒక్కరే ఇంటివైపు నడిచారు. భోజనాల వేళకి మేం వచ్చేసరికి అరుగు మీద కూర్చుని గాల్లోకి చేతులు ఊపుతున్నారు. గిన్నె లేదు. నరసింగరావు గారేమో, ఆయన వ్యానులోనే తినేశారు, ఖాళీ చేతులతో దిగారు అంటున్నారు. నేను మనవరాలిని కాబట్టి నా మాట చెల్లదట."

"మిగతా ఆరుగురు?"

"ఎవరూ గమనించలేదు. వాళ్ళ ఫోన్లు వాళ్ళవి."

అంటే చిక్కంతా ఒక్క చోటే పడింది. ఒక కుండలో వండిన జున్ను అందరూ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మందు పడితే గిన్నెలోనే పడాలి. గిన్నె వ్యానులోనే ఖాళీ అయితే తప్పు ఈ ఇంటిది. నిండుగా తోటలోకి అడుగుపెడితే తప్పు ఆ ఇంటిది.

"ఎలీసమ్మా, నీ ఆవు ఉమ్మెత్త తింటుందా?"

"మేత నేక సచ్చినా దాని దరికెల్లదు. ఆ తెలివి మనిసికే నేదు."

దుర్గాభవాని తల ఊపింది. పొద్దున్న శ్రీకాకుళం ఆస్పత్రిలో సంజయ్‌ని చూసే వచ్చింది. కంటిపాపలు విచ్చుకుపోయి, నాలుక అట్టకట్టి, దుప్పటి మీద లేని పువ్వులు ఏరుతున్నాడు. ఉమ్మెత్త గింజలన్నారు డాక్టరుగారు. ప్రాణానికి ఢోకా లేదు గానీ తెలివి తిన్నగా రావడానికి టైము పడుతుందన్నారు. అతని నోట ఒకే మాట. "ఒక్క ఈగ కూడా లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు." పక్కనున్న నర్సు నవ్వింది. ఈగలున్నాయని గోలపెట్టే రోగుల్ని చూసింది గానీ, లేవని బాధపడేవాణ్ణి ఇప్పుడే చూస్తోందట. దుర్గాభవానికి మాత్రం నవ్వు రాలేదు.

"గిన్నె దొరకలేదన్నమాట" అంది.

దీవెన తటపటాయించింది. "దొరికింది మేడమ్. నిన్న మమ్మల్ని స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు ఎవరో వచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. సీ.ఐ. గారికి ఫోన్లో చెప్పాను. ఆ గిన్నెతో నాకేం పని, మీరే కడిగి పెట్టుంటారు, తాళం వేసేటప్పుడు చూద్దాంలే అన్నారు. చూడ్డానికి కూడా రాలేదు."

లోపల్నుంచి తెచ్చి ముందు పెట్టింది. పాత స్టీలు గిన్నె. అంచున చుక్కలు చుక్కలుగా 'ఎలీసమ్మ' అని చెక్కి ఉంది. వంకాయరంగు పాతచీర పేలికతో నోరు కట్టి ఉంది. దుర్గాభవాని పేలిక ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండుచేపల కంపు. ముడి విప్పింది. అడుగున పిడికెడు బియ్యం. బియ్యం మీద ఒక పసుపుకొమ్ము.

గిన్నెని ఎలీసమ్మ వైపు తిప్పింది. ఎలీసమ్మ తుడవడం ఆపి చూసింది.

"జున్నుగిన్నె తిప్పి పంపేటప్పుడు ఈ ఊరోళ్ళు పసుపేసి పంపుతారా నీకు?"

"ఏసుప్రబువుని నమ్ముకున్నదాన్ని, నాకు పసుపు ఏలని అందరికీ తెలుసు. బియ్యమేసి పంపుతారు. ఇది నన్ను ఎరగనోల ఇల్లు." పసుపుకొమ్ముని వేలితో తిప్పి, "మంచోల ఇల్లే" అంది.

"దీవెనా, ఇది ఉన్నదున్నట్టు ఫొటో తియ్యి. తరవాత వ్యాను తియ్యి. నాకొక టికెట్టు కొయ్యి."

"టికెట్టా?"

"విహారం టికెట్టు. ఊరికే వద్దు, డబ్బు తీసుకునే కొయ్యి. ఇవాళ నేను నీ గెస్టుని."

బియ్యం, పసుపుకొమ్ము, పేలిక ఒక కాగితంలో పొట్లం కట్టి సంచీ అడుగున పెట్టింది. దాని మీద ఖాళీ గిన్నె పెట్టింది.

*

కొబ్బరితోట గేటు మీద బోర్డు ఉంది. 'చెట్టు నుంచి చాక్లెట్ దాకా, అంతా మా తోటలోనే.' అక్షరాలు బాగున్నాయి. నరసింగరావు తోట చూసుకోవడానికి వచ్చేముందు హైదరాబాదులో స్థలాల కంపెనీలకి రంగుల ప్రకటనలు రాసేవాడు. లేని చెరువుని కాగితం మీద తవ్వినవాడికి బోర్డు ఒక లెక్కా?

సీ.ఐ. త్రినాథ్ అప్పటికే అరుగు మీద కుర్చీ వేయించుకుని ఉన్నాడు. చేతిలో అట్ట, అట్ట మీద వాంగ్మూలం.

"రండి రండి, గేదెల డిటెక్టివు గారు! ఇక్కడ చచ్చిన గేదె ఏదీ లేదమ్మా. తప్పుదారిలో వచ్చినట్టున్నారు."

"బతికున్న మనిషిని చూసే వస్తున్నాను సార్. మీరింకా చూడలేదట కదా, డాక్టరుగారు అడగమన్నారు."

త్రినాథ్ మీసం కింద నవ్వు ఆరిపోయింది. "నా దర్యాప్తు నేను చేసుకోగలను."

"చేసుకోండి. నేను చాక్లెట్ తినడానికి వచ్చాను." టికెట్టు తీసి చూపించింది. "దీని మీద తోట చూపిస్తాం, పని చూపిస్తాం, రుచి చూపిస్తాం అని ఉంది. మూడూ చూసి పోతాను."

"ఇక్కడ కేసు నడుస్తోంది!"

"కేసు ఎలీసమ్మ మీదన్నారు. ఈ తోట మీద కూడా ఉందా?"

త్రినాథ్ అట్టని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. లేదంటే ఆవిణ్ణి ఆపలేడు, ఉందంటే నరసింగరావు ఊరుకోడు.

నరసింగరావు చేతులు జోడించుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, తెల్లటి నార చొక్కా, చేతికి రుద్రాక్ష. "పాపం సంజయ్ గారు. మా తోటలో జరిగినందుకు నాకు నిద్ర లేదండి. పెద్దావిడ మీద చెప్పాలంటే నోరు రావడం లేదు. కానీ నిజం నిజమే కదా."

"నిజమేమిటో నాకూ ఒకసారి చెప్పండి. గిన్నె ఎక్కడ చూశారు?"

"నేను గిన్నె అనే వస్తువే చూడలేదండి. ఆయన ఖాళీ చేతులతో దిగారు. వ్యానులోనే తినేశానన్నారు."

"మీ అరుగు మీదికి రాలేదు?"

"రాలేదు."

"మీ గడప దాటలేదు?"

"దాటలేదండి. మా ఇంట్లో ఆవూ లేదు, జున్నూ లేదు."

"ఇంట్లో ఇంకెవరైనా చూసుంటారేమో."

"మా అమ్మ తప్ప ఎవరూ లేరు. ఆవిడ వంటిల్లు దాటి రాదు. సంజయ్ గారికి ఎండదెబ్బ తగిలిందని చెప్పాను. పెద్దమనిషి, కంగారుపడుతుందని ఈ గొడవలేవీ చెప్పలేదు. దయచేసి మీరూ చెప్పకండి."

"చెప్పను" అంది దుర్గాభవాని. ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంది కూడా.

తోటలోకి నడిచింది. నరసింగరావు వెనకే వచ్చాడు. త్రినాథ్ వద్దనుకుంటూనే వచ్చాడు. కొబ్బరిచెట్ల నీడలో కోకో మొక్కలు ఉన్నమాట నిజమే. కానీ మానులకి అంటుకున్న కాయలు పండి, నల్లబడి, ఎండి గిలకల్లా ఊగుతున్నాయి. సగానికి ఉడతలు కన్నాలు పెట్టాయి.

"కాయ కొయ్యరా?"

"మొన్నటి కోత అయిపోయిందండి. ఇవి వదిలేసినవి."

పాకలో చెక్కపెట్టెలు మూడు ఉన్నాయి. కాయల్లోంచి తీసిన గింజల్ని గుజ్జుతో సహా ఈ పెట్టెల్లో పోసి, అరిటాకులు కప్పి పులియబెడతారు. ఆ పులుపులోనే చాక్లెట్ వాసన పుడుతుంది. ఇదంతా వ్యానులో దీవెన చెప్పింది. దుర్గాభవాని ఆకులు ఎత్తింది. ఆకులు పచ్చగా ఉన్నాయి, ఇవాళ పొద్దున్న కోసినట్టు. వాటి కింద చెక్క కొత్తగా, తెల్లగా ఉంది. గుజ్జునీరు కారాల్సిన కన్నానికి సాలెపురుగు గూడు కట్టుకుంది. ముక్కు లోపలికి పెట్టి పీల్చింది. చెక్క వాసన తప్ప ఏమీ లేదు.

"నరసింగరావు గారూ, బెల్లం పెట్టిన చోట, పనసపండు కోసిన చోట ఏం ముసురుతాయి?"

అతను చేతి రుద్రాక్ష సర్దుకున్నాడు.

"తీపిగుజ్జు పులిసే చోట ఈగలు తెరలా లేవాలి. ఇక్కడ ఒక్క ఈగ లేదు. సంజయ్ ఆస్పత్రిలో అదే అంటున్నాడు. పిచ్చి మాటలనుకుంటున్నారు. తెలివి పోయేముందు ఆఖరుగా చూసిందే అతను చెబుతున్నాడు."

పొయ్యి పక్కన గోనె కింద కాలితో కదిపింది. వెండిరేకు కాగితాలు, మడతపెట్టిన అట్టపెట్టెలు బయటపడ్డాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైన చాక్లెట్ దిమ్మల మీద చుట్టినవి. కరగబెట్టి, జీడిపప్పు అద్ది, చెట్టు నుంచి చాక్లెట్ దాకా అని అమ్మడం తేలికే.

"సంజయ్ తన హోటలుకి సరుకు కొనడానికి వచ్చినవాడు. పెట్టె మూత తీయకుండా కొనడు. ఆ సంగతి మీకు ముందే తెలుసు. పెట్టెలో చూసింది అతను బయటపెడితే మీ బోర్డు దిగిపోతుంది" అంది.

త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఏమిటి? చాక్లెట్ దొంగసరుకైతే ఆహార శాఖకి చెప్పుకో. నా కేసు జున్నుది. మోసం వేరు, మందు వేరు."

"కంచె దగ్గర ఉమ్మెత్త పొద ఉంది, సార్. కాయలు గోటితో తుంచిన తొడిమలున్నాయి."

"ఉమ్మెత్త లేనిదెక్కడ? మా స్టేషన్ వెనకా ఉంది. నన్నూ అరెస్టు చేస్తావా?" అతనిప్పుడు హుషారయ్యాడు. "గిన్నె ఇక్కడికి వచ్చిందని ఒక్క సాక్ష్యం చూపించు. ఒక్కటి. లేదంటే సాయంత్రం నా తాళం పడుతుంది. పశువుల డాక్టరీ ఇక్కడ పనికిరాదు."

అన్యాయంగా అన్నా, అతను అన్నది నిజమే. ఆ ముక్క దుర్గాభవానికి త్రినాథ్ కంటే బాగా తెలుసు. అంతలోనే సంచీలో ఫోన్ మోగింది. ఎలీసమ్మ.

"తాళం పట్టుకుని ఇద్దరొచ్చీసినారు" అంది ముసలావిడ. "సందేల దాకా ఆగమన్నారంట, అరుగు మీద కూకున్నారు. ఆకలేస్తంటే సీజెట్టినాను. తింతన్నారు. నువ్వు బేగి రా."

ఫోన్ పెట్టేసి దుర్గాభవాని అరుగు దగ్గరికి నడిచింది. దీవెన గడప పక్కన నిలబడి ఉంది. తలుపు లోపలి నుంచి గాజుల చప్పుడు. నరసింగరావు తల్లి తులసమ్మ నాలుగు గ్లాసుల్లో కొబ్బరినీళ్ళు పోసుకుని పళ్ళెంతో వస్తోంది. పండుటాకులాంటి మనిషి, నడుం మాత్రం వంగలేదు. పళ్ళెం పట్టుకునే చేతికింద మసిగుడ్డ. వంకాయరంగు.

దుర్గాభవాని ఆ గుడ్డని చూసి, చూపు తిప్పేసింది. కుర్చీ ఇస్తే వద్దని గడప ముందు నేల మీదే కూర్చుంది. సంచీలోంచి గిన్నె తీసి, టంగుమనేలా గచ్చు మీద పెట్టింది.

నరసింగరావు ఒక్కసారి స్తంభం పట్టుకున్నాడు. అతని చూపు గిన్నె మీంచి వంటింటి వైపు పోయి, మళ్ళీ గిన్నె మీదికొచ్చింది.

"ఇదే సార్ ఆ గిన్నె" అంది దుర్గాభవాని త్రినాథ్‌తో, గొంతు ఇల్లంతా వినబడేలా. "మొన్న ఎలీసమ్మ పెట్టిన జున్నుగిన్నె. నిన్న ఎవరో ఆవిడ అరుగు మీద పడేసి పోయారు. ఎలా పడేశారో చూడండి. ఖాళీగా! ఒక్క గింజ లేకుండా!"

"ఖాళీగా ఉంటే నాకేం?" అన్నాడు త్రినాథ్.

"మీకేం లేదు సార్, మీరు పాకెట్టు పాలు తాగేవారు. పాడి ఉన్న ఇంటికి జున్నుగిన్నె ఖాళీగా తిప్పి పంపేదెవరు? ఆ ఆవు పొదుగు ఎండిపోవాలని కోరేవాళ్ళు పంపుతారు. ఎలీసమ్మ ఏడుస్తోంది. తిన్న కొంప ఏదో గానీ, ఆ ఇంటి ఆడది ఏ తల్లి కడుపున పుట్టిందో, పిడికెడు బియ్యానికి మొహం వాచిందా అని తిడుతోంది."

దీవెన అదిరిపడి చూసింది. నోట మాట రాకముందే దుర్గాభవాని చెయ్యి ఆ పిల్ల పాదం మీద పడి గట్టిగా నొక్కింది.

పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

"ఎవులే ఖాలీగా వచ్చినాదన్నది?" అంది తులసమ్మ.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు నరసింగరావు.

"నువ్వుండరా. ఎవులన్నారు?"

"గిన్నెగలావిడే అంది" అంది దుర్గాభవాని. "ఒక్క గింజ లేదంది."

"దాని నోట్లో మన్ను పొయ్య!" పళ్ళెం గచ్చు మీదికి దిగింది. సగం కొబ్బరినీళ్ళు ఒలికిపోయాయి. "నా సేత్తో పిడికెడు బియ్యం పోసినాను. మీద పసుపుకొమ్మేసినాను. పాత సీర సింపి మూతి కట్టినాను, ఇదిగో, దీని రెండో ముక్క! సేపలమ్మే పైడమ్మ మా గుమ్మంలోకొస్తే గిన్నె మీద పేరు అదే సదివినాది. మా ఊరి సీజు ఎలీసమ్మది, నాను దింపేస్తానన్నాది. దాని గంపలోనే ఎట్టి పంపినాను. మద్దిలో అదే బియ్యం తినీసిందేటి? పిలవండి దాన్ని! నాను కాపరానికొచ్చిన్నాడు ఈ ఇంట్లో పది పసువులుండీవి. నాకు తెలీదేటి జున్నుగిన్నె ఎలగ పంపాలో!"

"అమ్మా!" అన్నాడు నరసింగరావు. ఈసారి అది అరుపు.

త్రినాథ్ కుర్చీలోంచి లేచాడు. అతను చెడ్డ పోలీసేం కాదు, తొందర మనిషి. చేతిలో అట్ట కిందికి దించి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ గిన్నె మీ ఇంటికెలా వచ్చిందమ్మా?"

"ఎలగొస్తాది? ఆ హోటలు బాబే సేత్తో పట్టుకొచ్చినాడు. పాకలోకెల్లి ఏటో పెట్టెలు తీసి సూసొచ్చి, అక్కడ కూకున్నాడు, నువ్వున్న కాడే. మా నరిసింగు గిన్నందుకుని, మిరియాల పొడి తగ్గినాదని లోపలికొచ్చి మీద ఏటో జల్లిచ్చినాడు. నాకో సెంచాడు పెట్టరా బాబూ అన్నాను. నోరూరినాది, ఏల అబద్దం? నీకు పడదమ్మా అన్నాడు." ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "పుట్టి బుద్దెరిగిన కాడ్నించి నాకు జున్ను పడకపోడమేటిరా?"

నరసింగరావు స్తంభాన్ని వదల్లేదు.

"తరవాత ఈడే గిన్నె కడిగినాడు" అంది తులసమ్మ. కోపం కొంత తగ్గి, గొంతులోకి ముచ్చట లాంటిది వచ్చింది. "ఎంగిలి గ్లాసు తియ్యనోడు, బూడిదెట్టి తోమి మరీ కడిగినాడు. కడిగి కట్టెల గూటి ఎనకాల ఎట్టినాడు. అక్కడెట్టి మర్సిపోతాడని నానే తీసి పంపినాను."

దుర్గాభవాని సంచీ అడుగు నుంచి పొట్లం తీసి విప్పింది. బియ్యం, పసుపుకొమ్ము, వంకాయరంగు పేలిక. త్రినాథ్ మసిగుడ్డ అందుకుని పేలిక పక్కన పరిచాడు. చిరుగూ చిరుగూ పళ్ళు కరుచుకున్నట్టు కలిశాయి. అతను వాంగ్మూలం కాగితాన్ని అట్ట మీంచి తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ తీసి, "తాళం వెనక్కి పట్టుకురండి. పెద్దావిడని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

"ఎలీసమ్మ ఆ మాట అనలేదమ్మా" అంది దుర్గాభవాని. "అబద్ధం నాది. మీరు పంపినవన్నీ భద్రంగా అందాయి. ఇది మంచివాళ్ళ ఇల్లని ఆవిడ అంది."

తులసమ్మ ఆవిడని చూసింది. బియ్యాన్ని చూసింది. పోలీసుని చూసింది. ఎండదెబ్బకి ఇంతమంది ఎందుకొచ్చారన్నది అప్పుడే ఆవిడ కళ్ళలోకి మెల్లగా దిగడం మొదలైంది.

త్రినాథ్ చెయ్యి నరసింగరావు భుజం మీద పడింది. అతను దాన్ని విదిలించలేదు. తల్లి వైపే చూస్తున్నాడు, ఆవిడే ఏదో నేరం చేసినట్టు.

"ఎందుకు పంపావమ్మా ఆ గిన్నె?"

ముసలావిడ నడుం ఇంకా నిటారుగానే ఉంది.

"ఒకలింటి గిన్నె మనింట్లో ఉంచీసుకుంతామేటిరా?"